కలలో మళ్లీ మళ్లీ ఉప్పెన వస్తోందా? అలని కాదు, ఆ కలలో మిమ్మల్ని మీరు చూసుకోండి

(ఈ ఎపిసోడ్ వీడియోలో మాట్లాడిన మాటలకు ఇది రాతరూపం. చదవడానికి వీలుగా అక్కడక్కడా చిన్న మార్పులు చేశాం.)

ఈరోజు టాపిక్ నేను ఎంచుకున్నది కాదు. తెల్లవారుజామున మూడు నలభైకి వచ్చిన ఒక మెసేజ్ ఎంచుకుంది.

పంపింది ఒక చెల్లి. విజయవాడ. ఇంజనీరింగ్ అయిపోయింది. పేరు చెప్పొద్దంది, మిగతాది చెప్పమంది. మెసేజ్ ఇలా ఉంది: "అన్నా, నెల రోజులుగా ఒకటే కల. పెద్ద అల వస్తుంది. ఇంటికన్నా ఎత్తు. నేను మేడ మీద ఉంటాను. అరుస్తాను, గొంతు రాదు. లేచి కూర్చుంటాను. ఇక నిద్ర పట్టదు. నాకు వైజాగ్‌లో జాబ్ వచ్చింది. ఇది వెళ్లొద్దని సూచనా? జవాబు చెప్పడానికి ఇంకా తొమ్మిది రోజులే ఉంది."

చూశారా, ఇది సరదాగా అడిగిన ప్రశ్న కాదు. ఒక కల మీద ఒక ఉద్యోగం ఆగి ఉంది.

అప్పటికే తను ఫోన్‌లో వెతికేసింది. ఒక రీల్‌లో "కలలో జలప్రళయం కనిపిస్తే ఇంట్లో కీడు" అన్నారట. ఇంకో దాంట్లో "నీళ్లు కనిపిస్తే ధనలాభం". మూడో దాంట్లో "దిష్టి తగిలింది, లింక్ నొక్కండి". ఒకే కలకి మూడు ఫలితాలు! ఒకదానికొకటి పొంతన లేదు. కానీ భయంలో ఉన్నవాళ్లకి మొదటిదే గుర్తుంటుంది. మనసు అంతే.

కల ముందే చెప్తుందా?

ముందు ఈ ముడి విప్పుదాం. ఎందుకంటే ఇది విప్పకపోతే మిగతాది ఏం చెప్పినా చెవికెక్కదు.

2025లో మీలో చాలామంది ఒక న్యూస్ చూసే ఉంటారు. జపాన్‌లో ర్యో తత్సుకి అనే కామిక్స్ రచయిత్రి తన కలల్ని డైరీలో రాసుకుని, వాటితో 1999లో ఒక పుస్తకం వేసింది. అట్ట మీద "2011 మార్చిలో పెద్ద విపత్తు" అని ఉంది. 2011 మార్చి 11న జపాన్‌లో నిజంగానే భూకంపం, సునామీ వచ్చాయి. ఇంకేముంది, పుస్తకానికి గిరాకీ. 2021లో వచ్చిన కొత్త ఎడిషన్‌లో "2025 జులైలో అసలైన విపత్తు" అని వచ్చింది. జులై 5 అనే తేదీ కూడా ప్రచారంలోకి వచ్చేసింది. హాంగ్‌కాంగ్ నుంచి జపాన్ వెళ్లే విమానాలు కొన్నిటిని ప్రయాణికులు లేక తగ్గించారు.

జులై 5 వచ్చింది, వెళ్లింది. ఏమీ కాలేదు.

"మరి జులై 30న రష్యాలో భూకంపం వచ్చింది కదా, జపాన్‌లో సునామీ హెచ్చరిక ఇచ్చారు కదా" అంటారు కొంతమంది. నిజమే. కమ్చట్కా దగ్గర 8.8 తీవ్రతతో వచ్చింది. కానీ పుస్తకం చెప్పింది 2011 కన్నా మూడు రెట్లు పెద్ద అల. జపాన్ తీరంలో నమోదైన అల సుమారు ఒకటిన్నర మీటరు లోపే. తేదీ తప్పింది, చోటు తప్పింది, సైజు తప్పింది. అయినా "నిజమైంది" అన్నారు. జోస్యం ఎలా బతుకుతుందో ఇక్కడే అర్థం చేసుకోండి. తప్పినవన్నీ మర్చిపోతాం. తగిలిన ఒక్కటి పదిమందికి చెప్తాం.

మన రెండు రాష్ట్రాల్లో ఎన్ని కోట్ల మంది పడుకుంటారు ప్రతి రాత్రీ? అందులో ఎంతమందికి వరద, తుఫాను, భూకంపం కలలో వస్తాయి? బంగాళాఖాతంలో ఏటా తుఫాన్లు పుడుతూనే ఉంటాయి. ఎవరో ఒకరి కల పక్కనే ఒక తుఫాను పడటం వింతేమీ కాదు.

"మరి తెల్లవారుజామున వచ్చిన కల నిజమవుతుందంటారే?" దీనికి జవాబు నిద్రలోనే ఉంది. మన నిద్ర దాదాపు తొంభై నిమిషాల విడతలుగా సాగుతుంది. ప్రతి విడతలో కనురెప్పల కింద కళ్లు చకచకా కదిలే దశ ఒకటి ఉంటుంది. దీన్ని 1953లో చికాగో యూనివర్సిటీలో అజెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అనే ఇద్దరు బయటపెట్టారు. ఇంగ్లిష్‌లో రెమ్ అంటారు. గట్టి కలలు ఎక్కువగా ఈ దశలోనే. రాత్రి గడిచేకొద్దీ ఈ దశ పొడుగవుతుంది. అంటే తెల్లవారుజామున వచ్చే కల పొడుగ్గా ఉంటుంది, కథలా ఉంటుంది, పైగా దాని మధ్యలోనే మనకి మెలకువ వస్తుంది. అందుకే అది గుర్తుంటుంది. గుర్తుండటం వేరు, నిజమవటం వేరు.

ఇంకో మాట. "ఇదంతా సైన్సు వాళ్ల మాట, మన పెద్దలు అలా అనలేదు" అనుకోకండి. చరక సంహితలో ఇంద్రియస్థానం అని ఒక భాగం ఉంది. అందులో కలల్ని ఏడు రకాలు చేశారు. చూసినవి, విన్నవి, అనుభవించినవి, కోరుకున్నవి, ఊహించుకున్నవి, జరగబోయేదాన్ని సూచించేవి, ఒంట్లో దోషాల వల్ల వచ్చేవి. వీటిలో మొదటి ఐదింటికీ ఫలం లేదని అక్కడే రాసి ఉంది. చూసిన వరద, విన్న ఉప్పెన, ఊహించుకున్న భయం... అన్నీ ఆ ఐదులోకే వస్తాయి. రీల్ చేసేవాళ్లు ఆ శ్లోకం దాకా వెళ్లరు!

మరి అల ఎందుకు వస్తుంది?

అమెరికాలో ఎర్నెస్ట్ హార్ట్‌మన్ అని ఒక సైకియాట్రిస్ట్ ఉండేవారు. పీడకలల మీద దశాబ్దాలు పనిచేశారు. ఆయన ఒక విషయం గమనించారు. అగ్నిప్రమాదం నుంచి బయటపడినవాళ్లకి మొదట మంటలే కలలోకి వస్తాయి. కొన్నాళ్లకి కల మారుతుంది. ఒడ్డున నడుస్తుంటే పెద్ద అల వచ్చి లాక్కెళ్లిపోతుంది. వాళ్లు జీవితంలో సముద్రం దగ్గర ఏ ప్రమాదంలోనూ చిక్కుకోలేదు. మరి అల ఎక్కడిది?

ఆయన చెప్పింది ఏంటంటే, కల జరిగిన సంఘటన బొమ్మ కాదు, దాని వెనక ఉన్న ఫీలింగ్ బొమ్మ. "నా చేతుల్లో ఏమీ లేదు, మీద పడిపోతోంది" అనే భావం ఉందనుకోండి. దానికి మనసు గీసే బొమ్మ అల. కొండ విరిగిపడటం, భూమి చీలిపోవటం, సుడిగాలి... ఇవన్నీ ఆ కుటుంబమే. మనం మాటల్లో కూడా అంటాం కదా, "కాళ్ల కింద భూమి కదిలిపోయింది", "నెత్తిన పిడుగు పడింది" అని. పగలు నోటితో అనేది రాత్రి కంటికి కనిపిస్తుంది. అంతే.

అలాగని జరిగిన సంఘటనకి సంబంధమే లేదా? ఉంది. 1989 అక్టోబర్ 17న శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో భూకంపం వచ్చాక అక్కడి కాలేజీ విద్యార్థుల్ని, దూరంగా అరిజోనాలో ఉన్న విద్యార్థుల్ని పీడకలల గురించి అడిగారు. భూకంపం పీడకల వచ్చిందన్నవాళ్లు శాన్‌ఫ్రాన్సిస్కో వైపు 40 శాతం దాకా. అరిజోనాలో 5 శాతం. అంటే విపత్తు చూసినవాళ్లకి విపత్తు కలలోకి రావటం మామూలే. వాళ్లకి పిచ్చి పట్టలేదు, శకునమూ కాదు. మనసు ఇంకా ఆ సరుకు సర్దుకుంటోంది.

మా అమ్మమ్మ పలుపు

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్తాను. మా అమ్మమ్మది దివిసీమ. 1977 నవంబర్ 19 ఉప్పెన చూసిన మనిషి. పది వేల మందికి పైగా పోయిన రాత్రి అది. అమ్మమ్మ ఒక తుమ్మచెట్టు పట్టుకుని బతికింది. నా చిన్నప్పుడు కార్తీకంలో గాలి కాస్త గట్టిగా వీస్తే చాలు, రాత్రిళ్లు లేచి కూర్చునేది. "ఏంటమ్మమ్మా" అంటే "ఏం లేదురా, పడుకో, గాలి మోత" అనేది.

నేను పెద్దయ్యాక ఒకసారి అడిగాను, అల కనిపిస్తుందా అని. "అల కాదురా. పలుపు" అంది. గేదె పలుపు. ఆ రాత్రి కట్టుకొయ్య నుంచి విప్పకుండా పరిగెత్తింది. కలలో ప్రతిసారీ అదే. వేళ్లతో ముడి విప్పుతూ ఉంటుంది, ముడి బిగుస్తూ ఉంటుంది. తాటిచెట్టంత నీళ్లు వెనక వస్తున్నా ఆవిడ అటు చూడదు. ఆవిడ చూపంతా ముడి మీదే.

నాకు ఈ టాపిక్ మీద ఎన్ని పుస్తకాలు చదివినా అమ్మమ్మ చెప్పిన ఆ ఒక్క మాటే ఎక్కువ నేర్పింది. అందరం అలని చూస్తాం. అర్థం మాత్రం అలలో ఉండదు. అల వస్తున్నప్పుడు మనం ఏం చేస్తున్నాం, ఎవరి వైపు చూస్తున్నాం, ఏం చేయలేకపోతున్నాం... అక్కడ ఉంటుంది.

మీ కలని మీరే అడగండి

అందుకే ఆ చెల్లికి నేను ఫలితం చెప్పలేదు. నాలుగు ప్రశ్నలు పంపాను. మీరూ రాసుకోండి. లేవగానే ఫోన్‌లో నోట్స్ తెరిచి రాస్తే చాలు. కాస్త ఆగితే కల జారిపోతుంది.

ఒకటి: కలలో విపత్తు కాకుండా ఇంకేం ఉంది? ఎవరున్నారు?
రెండు: నాకు ఎక్కువగా అనిపించింది ఏంటి? భయమా, సిగ్గా, కోపమా, తప్పు చేశానన్న బాధా?
మూడు: ఈ మధ్య పగలు మెలకువలో అచ్చం అలాగే ఎప్పుడు అనిపించింది?
నాలుగు: ఈ కల ఏ వారంలో మొదలైంది? ఆ వారంలో ఏం జరిగింది?

రెండు రోజుల తర్వాత జవాబు వచ్చింది. వాళ్ల ఇల్లు సింగ్‌నగర్. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు నీళ్లు వచ్చినప్పుడు తనూ అమ్మా మేడ మీదే నాలుగు రోజులు ఉన్నారు. నాన్న లేరు. రెండో రోజు అమ్మ సర్టిఫికెట్ల పెట్టె కోసం కిందకి దిగింది, నడుము లోతు నీళ్లలో. తను పైనుంచి అరుస్తూ ఉండిపోయింది. అమ్మ పెట్టెతో పైకి వచ్చింది, ఏమీ కాలేదు. ఆ తర్వాత చాలా నెలలు ఏ కలా లేదు.

కల ఎప్పుడు మొదలైంది? ఆఫర్ లెటర్ వచ్చిన వారం.

కింద తనే రాసింది: "అన్నా, కలలో అమ్మ కిందే ఉంటుంది. ఇది నీకు ముందు చెప్పలేదు. నేను వైజాగ్ వెళ్తే అమ్మ ఒక్కతే కదా."

నేను ఒక్క ముక్క కూడా కలపలేదు. సముద్రం గురించి అనుకున్న కల, సముద్రం గురించి కాదు. వైజాగ్ వద్దని చెప్పట్లేదు, వెళ్లమనీ చెప్పట్లేదు. "అమ్మ సంగతి తేల్చుకోకుండా కూర్చున్నావు" అంటోంది. దానికి జోస్యం అక్కర్లేదు, అమ్మతో ఒక మాట చాలు.

అయినా కల ఆగకపోతే?

కొన్నిసార్లు అర్థం తెలిసినా కల ఆగదు, అలవాటు పడిపోతుంది. దానికి ఒక పద్ధతి ఉంది. కలని తిరగరాయటం. బారీ క్రాకో అనే డాక్టర్ బృందం దీన్ని 168 మంది మహిళల మీద పరీక్షించి 2001లో ఫలితాలు వేసింది. అందరూ లైంగిక దాడులకి గురై, ఏళ్ల తరబడి పీడకలలు పడుతున్నవాళ్లు. ఈ పద్ధతి నేర్చుకున్నవాళ్లకి పీడకలలు బాగా తగ్గాయి, నిద్రా మెరుగైంది.

చేయాల్సింది సింపుల్. పగటిపూట కలని కాగితం మీద రాయండి. తర్వాత దాన్ని మీకు నచ్చినట్టు మార్చండి. ఎక్కడైనా మార్చొచ్చు, మొదట్లో, మధ్యలో, చివర్లో. అల ఆగిపోవచ్చు, మీకు పడవ దొరకొచ్చు. ఆ కొత్త కలని రోజూ పది ఇరవై నిమిషాలు కళ్లు మూసుకుని మనసులో చూసుకోండి. పాతదాన్ని తవ్వొద్దు. మొదటిసారే బాగా భయపెట్టే కలతో మొదలుపెట్టొద్దు, చిన్నదానితో అలవాటు చేసుకోండి.

ఒక జాగ్రత్త. పీడకల వారంలో చాలాసార్లు వస్తున్నా, పడుకోవాలంటేనే భయం వేస్తున్నా, జరిగిన సంఘటన పగలు కూడా కళ్ల ముందుకొస్తున్నా, బతకాలని లేదనిపిస్తున్నా ఒంటరిగా ప్రయోగాలు చేయకండి. డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ప్రభుత్వ టెలీ మానస్ నంబర్ 14416. ఫ్రీ. తెలుగులో మాట్లాడొచ్చు.

ఇంకొకటి. నిజం సునామీ వస్తుందేమో అన్న భయం ఉంటే దానికీ ఒక అడ్రస్ ఉంది. 2004 డిసెంబర్ 26 తర్వాత మన దేశం సునామీ హెచ్చరిక కేంద్రం పెట్టుకుంది. 2007 నుంచి హైదరాబాద్‌లోనే, ఇన్‌కాయిస్‌లో నడుస్తోంది. సముద్రాన్ని ఇరవై నాలుగు గంటలూ కనిపెట్టుకుని ఉంటారు. హెచ్చరిక అక్కడి నుంచి వస్తే వెంటనే కదలండి. కల నుంచి వస్తే నోట్స్‌లో రాసుకోండి.

ఆ చెల్లి కొత్త కల రాసింది. అందులో అల అలాగే ఉంది, తీసేయలేదు. తను మెట్లు దిగి వెళ్లి అమ్మ చెయ్యి పట్టుకుంటుంది. పెట్టె అక్కడే వదిలేస్తారు. ఇద్దరూ పైకి వస్తారు.

ఆ రాత్రే అమ్మతో అంతా చెప్పిందట. అమ్మ ఏమందో తెలుసా? "నీళ్లొస్తే నేను ఎక్కలేనా ఏంటే? మెట్లు కట్టించింది నేనే కదా!"

జాబ్‌కి ఏం జవాబిచ్చిందో నాకింకా చెప్పలేదు, నేను అడగలేదు. కానీ మూడు నలభైకి మాత్రం మెసేజ్ రాలేదు. నాకది చాలు.

మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం ఫ్రెండ్స్. ఈ రాత్రికి ఫోన్ పక్కన పెట్టి హాయిగా పడుకోండి. నమస్తే.