కాటిసీను చూచిన రాత్రి

1996 నవంబరు 6వ తేదీ రాత్రిని కోనసీమలో ఎవరు మరువగలరు? ఆ తుపానుకు వెయ్యిమందికి పైగా చనిపోయారు. లక్షలాది కొబ్బరిచెట్లు కూలిపోయాయి. అమలాపురానికి చేరువలోని మా ఊరిలో మా ఇంటి గోడ కూలి, మా ఎనిమిదేళ్ల అబ్బాయి ప్రభువు సన్నిధికి వెళ్లిపోయాడు.

పరామర్శకు వచ్చిన విశ్వాసులందరూ ప్రేమతోనే వచ్చారు. "దేవుని చిత్తం, దుఃఖపడకండి" అన్నారు. ఏడిస్తే విశ్వాసం లేనివారమవుతామేమోనని మేమిద్దరం కన్నీళ్లు దిగమింగుకున్నాము. ఒకే ఇంట్లో ఉంటూ, వాడి పేరెత్తకుండా పధ్నాలుగు నెలలు గడిపాము.

1998 సంక్రాంతికి ఊళ్లో తీర్థం జరిగింది. రాత్రికి 'సత్య హరిశ్చంద్ర' నాటకం. మనం వెళ్లవచ్చునా అని వెనుకాడుతుండగా పొరుగింటి ఆమె వచ్చింది. ఆమె భర్త కూడా ఆ తుపానులోనే పోయాడు. "రండి వదినా, మా చాపమీదే కూర్చుందురుగాని" అని మా ఇంటావిడను చెయ్యి పట్టుకొని తీసికొని వెళ్లింది. వెనుకనే మేమూ వెళ్లాము.

తెల్లవారుజామున కాటిసీను వచ్చింది. పాము కరచి చనిపోయిన లోహితుణ్ణి ఎత్తుకొని చంద్రమతి శ్మశానానికి వస్తుంది. కాటికాపరిగా ఉన్న తండ్రి, తన బిడ్డేనని ఎరుగక, సుంకం చెల్లించమంటాడు. అంతవరకు పద్యం పద్యానికీ "వన్స్ మోర్" అని కేకలు వేసిన జనం ఆ సీనులో ఒక్కసారి కూడా వేయలేదు. చుట్టూ చూస్తే అందరూ కళ్లు ఒత్తుకొంటున్నారు. మా ఇంటావిడ భోరుమన్నది. "ఏడవండి వదినా, కడుపులో దాచుకోకండి" అంటూ పొరుగామె దగ్గరకు తీసికొన్నది. మాకూ దుఃఖం ఆగలేదు.

ఇంటికి వచ్చి, తెల్లగా తెల్లవారేవరకు వాడి మాటలు, వాడి అల్లరి చెప్పుకొన్నాము. పధ్నాలుగు నెలల తరువాత అదే మొదటిసారి.

ఆ సీనులో నటులు పాడే పద్యాలు కొన్ని బలిజేపల్లి లక్ష్మీకాంతకవి నాటకంలోనివి కావనీ, గుర్రం జాషువాగారి 'శ్మశానవాటి' లోనివనీ తరువాత తెలిసింది. 1895లో వినుకొండలో క్రైస్తవ కుటుంబంలో పుట్టి, అంటరానితనపు బాధ అనుభవించిన కవి ఆయన. 'క్రీస్తు చరిత్ర'కు 1964లో సాహిత్య అకాడమీ బహుమతి పొందినది ఆయనే. తీర్థంలో మమ్మల్ని ఏడిపించి ఓదార్చిన మాట మనవాడిదే!

లాజరును లేపబోతున్నానని ఎరిగి కూడా ప్రభువు కంట తడి పెట్టారు. మరి మన కన్నీరు అవిశ్వాసమెలా అవుతుంది?

ప్రియ చదువరులారా, బిడ్డను పోగొట్టుకొన్నవారి ఇంటికి వెళ్లినప్పుడు ఏడవవద్దని చెప్పకండి. వారి ప్రక్కన చాపమీద కాసేపు కూర్చోండి.