గరిటె ఎవరి చేతిలో ఉంది?

అన్నం పెట్టడం గురించి కోనసీమకు ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. గోదావరి పాయ దాటి ఆకలితో వచ్చినవాళ్లకు లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు (1841–1909) వేళాపాళా చూడకుండా విస్తరి వేసిన నేల ఇది. ఆవిడ పేరును అక్కడి అక్విడక్టుకు పెట్టారు, 2024లో బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికీ పెట్టారు. అలాంటి చోట, అమలాపురంలోనో రాజోలులోనో, ఒక కతోలిక విచారణ (ఒక ఫాదర్ గారి బాధ్యతలో ఉండే గుడి, దాని కిందికి వచ్చే ఊళ్లు) ఆతిథ్యాన్నీ పరామర్శనూ తన పరిచర్యగా పెట్టుకుంటే కొత్తగా చేసేదేముంది? ఆదివారం పూజకు వచ్చినవాళ్లను గుమ్మం దగ్గర పలకరించడం, మంచం పట్టినవాళ్ల ఇంటికి వెళ్లి రావడం, పండక్కి నాలుగు బియ్యం బస్తాలు పంచడం మంచి పనులే. అంతకంటే ఘనంగా చేసే ఇళ్లు ఈ సీమలో చాలానే ఉన్నాయి. ఆ ఇళ్లకు చేతకానిది ఒకటి మాత్రం విచారణకు చేతనవుతుంది: ఇన్నాళ్లూ ఒకరు పెడితే తిన్నవాళ్ల చేతికే గరిటె ఇవ్వడం. అది చేయకపోతే, ఉన్న అన్నదానాలకు ఇంకొకటి తోడైనట్టే లెక్క.

గోదావరి డెల్టాలో క్రైస్తవం ఎక్కువగా ప్రొటెస్టెంట్ల చేతి మీదుగా పాకింది. 1836లో ఇండియాకు వచ్చి నరసాపురంలో స్థిరపడ్డ బౌడెన్, బీర్‌ల బ్రెదరెన్ మిషన్ ఒకవైపు, రాజమండ్రి లూథరన్లు ఇంకోవైపు. కతోలికులది చిన్న పాయ. గౌతమి అవతలి ఒడ్డున, ఫ్రెంచివాళ్ల యానాంలో, 1849లో అన్సీ సెయింట్ జోసఫ్ సిస్టర్లు అడుగుపెట్టారు. మిషన్ ఏదైనా సంఘంలో చేరినవాళ్లలో ఎక్కువమంది మాల, మాదిగ పేటలవాళ్లు. కోనసీమ మర్యాద వాళ్లకు తెలియనిది కాదు, కాకపోతే దాన్ని వాళ్లు చూసింది పందిరి అంచు నుంచి. చివరి బంతి, విడిగా పెట్టిన గ్లాసు, దోసిట్లోకి పైనుంచి వంచిన చెంబు. అలా పుచ్చుకున్నవాళ్లకు గుడిలో మళ్లీ పుచ్చుకునే వరుసే చూపిస్తే అది ఆతిథ్యం అనిపించుకోదు.

ఇది నేటి సామాజిక న్యాయం భాషను పాత మతానికి అంటగట్టడం అనేవాళ్లు ఉంటారు. అపొస్తలుల కార్యాల గ్రంథం 6వ అధ్యాయం తిరగేస్తే సంగతి తెలుస్తుంది. యెరూషలేములో రోజువారీ వడ్డనలో తమ విధవరాళ్లను పక్కనపెడుతున్నారని గ్రీకు మాట్లాడేవాళ్లు గొడవపెట్టారు. అప్పుడు ఆ పనికి ఏడుగురిని ఎన్నుకున్నారు. స్తెఫను, ఫిలిప్పు మొదలుకొని ఏడూ గ్రీకు పేర్లే. అంటే ఫిర్యాదు చేసిన వర్గానికే పంపకం అప్పగించారని పండితుల్లో చాలామంది అంటారు. సర్దిచెప్పి, ఇంకో రెండు గరిటెలు ఎక్కువ వడ్డించి పంపేయొచ్చు. అలా చేయలేదు. 1983 నాటి చర్చి చట్టం 529వ నిబంధనలో విచారణ గురువు పేదల్ని, రోగుల్ని, ఒంటరివాళ్లని, సొంత ఊరు వదిలినవాళ్లని తానే వెతుక్కుంటూ వెళ్లాలని ఉంది. వాళ్లు గుడి మెట్లెక్కేదాకా కూర్చోమని లేదు.

చర్చిలో మాత్రం కులం లేదా అని అడిగితే, ఉంది. భారత కతోలిక బిషప్పుల సమాఖ్య 2016 డిసెంబరులో విడుదల చేసిన దళిత సాధికారత విధానంలో సంఘం లోపల అంటరానితనం ఇంకా ఉందని ఒప్పుకుంది. 2022 ఆగస్టులో హైదరాబాద్ ఆర్చిబిషప్ పూల ఆంతోని గారు దళితుల్లోంచి వచ్చిన మొదటి కార్డినల్ అయ్యారు. గొప్ప సంగతే, అయినా ఊళ్లో పండగ వంట ఎవరి అజమాయిషీలో సాగుతుందో అది రోమ్‌లో తేలదు. ఈ ఒప్పుకోలు నా వాదనకు అడ్డు కాదు, అవసరం ఎక్కడుందో చూపిస్తుంది.

ఇక అందరి నోటా వినిపించే అభ్యంతరం: ఇదంతా మతం మార్చడానికి వేసే ఎర. బెనడిక్ట్ 16వ పోపు 2005 నాటి తన మొదటి విశ్వలేఖలోనే సేవను మతంలోకి లాగే సాధనంగా వాడకూడదని రాశారు. కాగితం మీది మాట చాలదు నిజమే. సాయం జాబితా ఎవరు రాశారు, అందులో గుడికి రానివాళ్లు ఎంతమంది ఉన్నారు అన్నదే పరీక్ష. 2022 జూలై వరదల్లాంటివి వచ్చి లంకలు మునిగినప్పుడు పడవలో బాప్తిస్మం సర్టిఫికెట్ అడిగే విచారణ ఏదైనా ఉంటే దాన్ని తిట్టాల్సిందే. అమెరికా విచారణల్లో కొత్త మొహం కనబడితే పేరు, చిరునామా రాయించుకుంటారు. ఇక్కడ ఆ పద్ధతి పనికిరాదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులకు ఎస్సీ హోదా లేదు, ఆంధ్రాలో వాళ్లను బీసీ-సిలో కలిపారు. క్రైస్తవంలోకి మారిన దళితులకు ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వర్తించదని రాష్ట్ర హైకోర్టు 2025లో చెప్పింది. గుడికి వచ్చిన మనిషి పేరు రిజిస్టరుకెక్కితే ఇంటిల్లిపాదికీ చిక్కు రావచ్చు. పేరు అడగకుండా కూర్చోవడానికి చాప చూపించడం దాపరికం కాదా అంటే, ఎవరిది ఏ కులమో తేల్చే పని తహసీల్దారుది, గుమ్మం దగ్గర నిలబడ్డవాళ్లది కాదు.

అడగకుండా చేయాల్సిన పని బోలెడుంది. కోనసీమ నుంచి వేలమంది ఆడవాళ్లు కువైట్, మస్కట్ ఇళ్లలో పనికి వెళ్లారు. వాళ్ల పిల్లలు అమ్మమ్మల దగ్గర పెరుగుతున్నారు. షుగరు బిళ్లలు అయిపోయాయని ఫోన్‌లో కూతురికి చెబితే కంగారు పడుతుందని చెప్పని అమ్మమ్మలు వీళ్లు. ఆ ఇంటికి వెళ్లాల్సింది బియ్యం మూటతో ఫాదర్ గారు కాదు, గల్ఫ్ నుంచి తిరిగొచ్చి ఆ బాధ ఎరిగిన పక్క వీధి ఆడమనిషి. విన్సెంట్ డి పాల్ సభ అనే కతోలిక సేవా సంఘం 1833లో పారిస్‌లో మొదలైనప్పటి నుంచీ ఇద్దరిద్దరుగా ఇళ్లకు వెళ్లే పద్ధతి పాటిస్తోంది. ఆ ఇద్దరూ ఎవరన్నదాని మీదే చాలా వరకు ఆధారపడి ఉంటుంది.

డబ్బు మాటకొస్తే, విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణ తర్వాత ఒక సంస్థకు వచ్చిన విదేశీ సొమ్మును ఇంకో సంస్థకు బదిలీ చేయడం కుదరదు. దెబ్బే, కానీ పెద్ద దెబ్బ కాదు. ఎసట్లో పోసే ముందు గుప్పెడు బియ్యం పక్కన తీసి గుడికి తేవడం తెలుగు క్రైస్తవ స్త్రీలకు పాత అలవాటు. పెట్టేవాళ్లు వాళ్లు ఎప్పుడో అయ్యారు. లెక్కల పుస్తకమే వాళ్ల చేతికి రాలేదు. ప్రతి విచారణలో ఆర్థిక సంఘం ఉండి తీరాలని చర్చి చట్టం 537వ నిబంధన అంటోంది. బియ్యం తెచ్చే ఆడవాళ్లకు అందులో రెండు కుర్చీలు వేయడానికి రోమ్ దాకా వెళ్లక్కర్లేదు, ఫాదర్ గారు ఒక్క మాట అంటే చాలు.