ఆటల కంప్యూటరుకు సామాను ఎట్లా ఎంచుకోవాలి?

ఈసారి సైన్సు పేజీ రాయడం నా వంతు వచ్చింది. పేరు చూసి "చదువు మానిపించే సంగతి రాసింది" అని మేడం కోప్పడవద్దు. ఇందులో ఆటల కంటే లెక్కలే ఎక్కువ ఉన్నవి.

మాది కాసిపేట దగ్గర నాయకపోడు గూడెం. కాజీపేట జంక్షన్ కాదు, మన కాసిపేట. మా ఇంట్లో బడికి పోయిన మొదటివాడు మా అన్న, రెండవదాన్ని నేను. అన్న ఐటీఐ చదివి బొగ్గు బాయి దిక్కు కాంట్రాక్టు పనికి పోతుండు. ఒక సంవత్సరం పైసా పైసా దాచి 36 వేలు జమ చేసిండు. అవ్వ తునికాకు పైసలు 6 వేలు కలిపింది. మొత్తం 42 వేలు. 2024 దసరా సెలవులలో అన్న "ఈ పైసలతోటి ఆటల కంప్యూటర్ నేనే బిగిస్త" అన్నడు.

నాయిన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఇంటి మీది రేకులు కారుతున్నయి. ఆడుకొనుటకు నలభై వేలారా?" అన్నడు.

అన్న అబద్ధం ఆడలేదు. చాలామంది పిల్లలు చదువు కొరకు అని చెప్పి కొనిపించుకుంటరు. అన్న మాత్రం "ఆట కొరకే నాయినా. చెల్లెకు చదువుకు గూడ పనికొస్తది" అన్నడు. నాయిన "సరే, లెక్క చూపెట్టు. పైసలు మట్టిల పోతే ఊకోను" అన్నడు. లెక్క రాసే పని నాకు వచ్చింది. ఎందుకంటే అన్న చేతిరాత అన్నకే అర్థం కాదు.

ముందుగా కంప్యూటర్ లోపల ఏమేమి ఉంటాయో చెబుతాను. ప్రాసెసర్ అనేది బాయిలో సర్దార్ వంటిది. ఎవరు ఏ పని చేయాలో చెబుతుంది, కష్టమైన లెక్కలు తానే చేస్తుంది. గ్రాఫిక్స్ కార్డు కూలీల పెద్ద గుంపు వంటిది. ఒక్కొక్కరు చేసేది చిన్న పనే, కాని వందల మంది ఒకేసారి చేస్తారు. తెర మీద ఉన్న లక్షల చుక్కలకు రంగులు వేసేది ఈ గుంపే. 1920 నిలువు వరుసలు, 1080 అడ్డ వరుసలు ఉన్న తెర అంటే 20 లక్షల పైన చుక్కలు. ఆట నున్నగా కనపడాలంటే అవన్నీ సెకనుకు 60 సార్లు మారాలి. ర్యాం అంటే పని జరిగేటప్పుడు సామాను పెట్టుకునే అరుగు. ఎస్ఎస్‌డి అంటే గాదె, కరెంటు పోయినా అందులోది పోదు. వీటన్నిటినీ కలిపే పెద్ద పలక మదర్‌బోర్డు. గోడలోని కరెంటును మార్చి అన్నిటికీ పంచేది పవర్ సప్లై. దీనిని ఎవ్వరూ లెక్క చేయరు. మా ఇంట్లో కొట్లాట మాత్రం దీని గురించే అయింది.

అన్న మొదట రాసిన చిట్టీ ఇది. ఇంటెల్ ఐ3-12100ఎఫ్ ప్రాసెసర్ 8,500. దానికి సరిపోయే బోర్డు 6,500. 8 జీబీ ర్యాం ఒక్క కడ్డీ 1,800. ఆర్‌ఎక్స్ 6600 గ్రాఫిక్స్ కార్డు 20,500. 256 జీబీ ఎస్ఎస్‌డి 1,700. పవర్ సప్లై లోపలే వచ్చే డబ్బా 2,500. కూడితే 41,500. ఇవన్నీ 2024లో మేము విన్న ధరలు. 2025 చివరి నుండి ర్యాం ధరలు బాగా పెరిగినవి, కావున మా లెక్క చూసి ఇప్పుడు బజారుకు పోవద్దు.

నేను కూడిన తర్వాత "అన్నా, తెర ఏది?" అని అడిగిన. అన్న గోడ దిక్కు చూసిండు. తెర లేదు, కీబోర్డు లేదు, మౌసు లేదు. మిగిలింది 500. సగం పైసలు ఒక్క కార్డుకే పోయినవి. ఎవరి దగ్గరనో పాత టీవీ తెస్తడట!

రెండో తప్పు చిన్న అక్షరంలో ఉంది. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ అని ఉంటే దానిలో బొమ్మ చూపించే భాగం పనిచేయదని అర్థం. కార్డు ఉన్నన్ని రోజులు ఫరవాలేదు. కార్డు పాడైన రోజు తెర మొత్తం నలుపే. ఎఫ్ లేనిది ధర కొంత ఎక్కువ ఉంటుంది. పెద్ద కార్డు తప్పకుండ కొనేవాళ్ళు ఎఫ్ కొనుక్కుంటే తప్పు కాదు. మా వంటి వాళ్ళకు, ఒక్కటి పాడైతే రెండవది కొనలేని వాళ్ళకు, అది మంచిది కాదని నా అభిప్రాయం.

మూడవది పవర్ సప్లై. డబ్బాతో కలిపి ఊరికే వచ్చే దాని మీద 400 వాట్లు అని పెద్ద అక్షరాలతో రాస్తారు. అంత ఇస్తుందని నమ్మకం లేదు. మా గూడెంలో సాయంత్రం పూట లైటు దీపం లెక్క అవుతుంది. వాన గాలి వస్తే కరెంటు పోయి, వచ్చినప్పుడు ఒక్కసారిగా కొడుతుంది. మా బాపు ఇంట్లో టీవీ అట్లనే కాలింది. పవర్ సప్లై నాసిరకం అయితే అది కాలేటప్పుడు బోర్డును, కార్డును కూడా తీసుకుపోగలదు. ఇరవై వేల ఎద్దును తెగిపోయే పలుపుతో కట్టినట్లు అన్నమాట. నేను ఇట్లా అంటే అన్నకు కోపం వచ్చింది. రెండు రోజులు నాతోటి మాట్లాడలేదు. కార్డు తీసేస్తే ఆటల కంప్యూటరే కాదని అతని బాధ. ఆ బాధ కూడా నిజమే, ఒక సంవత్సరం దుమ్ములో పని చేసింది అతను, నేను కాదు.

మూడవ రోజు అన్నే ఇంకో దారి పట్టుకొచ్చిండు. ఏఎండి వాళ్ళ రైజెన్ 5 5600జి అనే ప్రాసెసర్ ఉంది. 2021లో వచ్చింది. ఆరు కోర్లు, అనగా లోపల ఆరుగురు సర్దార్లు. బొమ్మలు వేసే భాగం దానిలోనే ఉంది. సర్దారే పక్కన నలుగురు కూలీలను పెట్టుకున్నట్లు. పెద్ద కార్డు అంత పని చేయదు. 2020లో వచ్చిన సైబర్‌పంక్ 2077 వంటి బరువు ఆటలు దాని మీద సుఖంగా నడవవు. పాత ఆటలు, తేలిక ఆటలు నడుస్తాయి. పైసలు వచ్చిన రోజు అదే బోర్డు మీద కార్డు పెట్టుకోవచ్చు, ఏదీ పారేసే పని లేదు.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి ఉంది. కార్డుకు సొంత జ్ఞాపకం ఉంటుంది. లోపలి భాగానికి సొంతం లేదు, అది ర్యాం లోనే కొంత తీసుకొని వాడుకుంటుంది. కావున ర్యాం ఎంత తొందరగా ఇస్తే ఆట అంత బాగ నడుస్తుంది. 16 జీబీ ఒక్క కడ్డీ పెడితే బాయి నుండి ఒక్కటే టబ్బుల వరుస వచ్చినట్లు. 8 జీబీవి రెండు పెడితే రెండు వరుసలు. బొగ్గు ఎంత తవ్వినా టబ్బులు లేకపోతే పైకి రాదు కదా. ధర దాదాపు ఒకటే, కాని ఆటలో తేడా బాగా ఉంటుంది. ఈ ఒక్క ముక్క తెలియక చాలామంది ఒక్క కడ్డీ కొని ప్రాసెసర్‌ను తిడతారు.

బోర్డు విషయంలో రెండు చూడాలి. మొదటిది సాకెట్. 5600జి కూర్చునే సాకెట్ పేరు ఏఎం4. 2022లో వచ్చిన ఏఎం5 సాకెట్‌లో ఇది పట్టదు. దాని ర్యాం కూడా వేరు, డీడీఆర్5. మాది డీడీఆర్4. గాడి వేరే చోట ఉంటుంది కాబట్టి నొక్కినా దిగదు. రెండవది, మేము అనుకున్న బీ450 రకం బోర్డు ప్రాసెసర్ కంటే పాతది. దుకాణంలో ఎక్కువ రోజులు పడి ఉన్నదైతే లోపలి బయాస్ అనే ప్రోగ్రాం పాతదై కొత్త ప్రాసెసర్‌ను గుర్తు పట్టదు. "బయాస్ కొత్తది ఎక్కించినారా?" అని కొనేముందే అడగాలి.

ఇక వాట్ల లెక్క. ప్రాసెసర్ 65 వాట్లది, గట్టిగా పనిచేసినప్పుడు 88 వరకు పోతుంది. బోర్డు, ర్యాం, ఫ్యాన్లు కలిపి 40 అనుకున్నాము. మొత్తం 130 దగ్గర. రేపు ఆర్‌ఎక్స్ 6600 పెడితే దానికి 132. అప్పుడు 260. కావున 450 వాట్ల మంచి పవర్ సప్లై చాలు, 750 అవసరం లేదు. "80 ప్లస్" కంచు గుర్తు ఉన్నది తీసుకోవాలి. సగం భారం మీద గోడ నుండి 100 పాళ్లు తీసుకుంటే 85 పాళ్లు పనికి ఇస్తుంది, మిగతాది వేడి అయి పోతుంది.

నాయిన కరెంటు బిల్లు సంగతి అడిగిండు. 130 వాట్లకు తెర 20 వాట్లు కలిపితే 150. రాత్రి మూడు గంటలు ఆడితే అర యూనిట్ కంటే తక్కువ. ఒక యూనిట్ కరెంటుకు సుమారు 600 నుండి 700 గ్రాముల బొగ్గు మండాలని చదివిన. అంటే అన్న ఒక రాత్రి ఆటకు రెండు గుప్పిళ్ళ బొగ్గు. జైపూర్‌లో సింగరేణి వాళ్ళది 1200 మెగావాట్ల కరెంటు కేంద్రం ఉంది కదా, అటువంటి చోట మండే బొగ్గే మళ్ళీ మా ఇంటికి తీగ మీద వస్తుంది. నాయినకు ఈ లెక్క బాగా నచ్చింది. రేకుల సంగతి ఆ రోజు మళ్ళీ తీయలేదు.

రెండవ చిట్టీ: ప్రాసెసర్ 11,500, బోర్డు 6,000, ర్యాం రెండు కడ్డీలు 3,400, 500 జీబీ ఎస్ఎస్‌డి 3,000, పవర్ సప్లై 3,200, డబ్బా 2,300, తెర 7,800, కీబోర్డు మౌసు 800. మొత్తం 38,000. కరెంటు పోయినప్పుడు నాలుగు నిమిషాలు నిలిపే యూపీఎస్ 3,200. అప్పుడు 41,200. 800 మిగిలినవి రైలుకు. డబ్బా ముందు భాగంలో జాలీ, దానికి దుమ్ము ఆపే వల ఉన్నదే తీసుకోవాలని రాసిన. మా రోడ్డు మీద లారీలు పోతే బువ్వ గిన్నె మీద కూడా దుమ్ము ఉంటుంది. ఎండకాలం 45 డిగ్రీలు, పైన రేకులు. అద్దాల డబ్బా చూడటానికి బాగుంటుంది కాని మన దిక్కు గాలి ఆడేదే కావాలి.

బెల్లంపల్లిలో రైలు ఎక్కి సికింద్రాబాద్ దిగి, పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు పోయినాము. సీటీసీ అంటే అక్కడ అందరికీ తెలుసు. అన్ని అంతస్తులలో కంప్యూటర్ సామాను దుకాణాలే. నాకు తల తిరిగింది. ఒక దుకాణంలో ఆయన మా చిట్టీ చూసి, "ఈ పవర్ సప్లై ఎందుకు, ఇది తీసుకోండి, వెయ్యి తక్కువ" అని వేరేది చూపించిండు. గుర్తు లేదు. అన్న నా దిక్కు చూసిండు. నేను తల అడ్డం ఊపిన. వేరే దుకాణంలో కొన్నాము. డబ్బా సీలు, బిల్లు మీద వస్తువు నంబరు సరిచూసుకున్నాము. బిల్లు లేకపోతే వారంటీ అడగలేము. ఆ బిల్లులు అవ్వ రేషన్ కార్డు పెట్టిన సంచిలోనే ఉన్నవి.

బిగించే సంగతి ఇంకోసారి రాస్తాను, ఒక్కటే చెబుతాను. అంతా పెట్టి మీట నొక్కితే ఫ్యాన్లు తిరిగినవి, తెర నల్లగా ఉంది. నాయిన గడప మీద కూర్చొని ఉన్నడు. అన్న చేతులు వణికినవి. నేను చిట్టీ వెనుక రాసుకున్న తీగల లిస్టు చదువుకుంటూ వేలు పెట్టి చూసిన. ప్రాసెసర్‌కు విడిగా పోయే ఎనిమిది పిన్నుల ప్లగ్గు బోర్డు మూలన ఫ్యాను చాటున ఖాళీగా ఉంది. అది పెడితే వెలిగింది. నాయిన ఏమీ అనలేదు, లేచి బర్రెకు నీళ్ళు పెట్టబోయిండు.

మా లిస్టులో మరిచిపోయింది ఇంటర్నెట్. విండోస్ కొనే పైసలు లేక ఉచితంగా వచ్చే లినక్స్ మింట్ వేసినాము. అన్నకు ఇష్టమైన వాలరెంట్ అందులో నడవదు. జీటీఏ 5 తెద్దామంటే 100 జీబీ పైననే. మా ఫోనులో రోజుకు 2 జీబీ. 50 రోజులు! చివరకు యూరో ట్రక్ సిమ్యులేటర్ 2 అనే లారీల ఆట ఎక్కించినాము, దానికే రెండు వారాలు పట్టింది. 2012లో వచ్చిన ఆట, అది మా దానిమీద మంచిగ నడుస్తుంది. కాబట్టి మీరు ఎవరైనా చిట్టీ రాస్తే, ఆటలు ఎట్లా తెచ్చుకుంటారో మొదటి గీతలోనే రాయండి.

నాయిన పెండ్లికి ముందు లారీ మీద క్లీనర్‌గా పోయిండు. ఇప్పుడు రాత్రి బువ్వ తిన్న తర్వాత అన్న కంటే ముందు కుర్చీలో ఆయనే కూర్చుంటడు. వెనుకకు తీయడం మాత్రం ఇంకా రాలేదు. మొన్న సెలవులకు పోతే అన్న ఖాళీ స్లాటు చూపించి "వచ్చే ఏడాది ఇండ్ల కార్డు పెడుదాం" అన్నడు. 280 మిల్లీమీటర్ల పొడవు వరకు పడుతుందని నేను స్కేలుతో కొలిచి చిట్టీలో రాసిన.

"కార్డు పెడితే లారీ ఇంకింత జోరుగ పోతదారా?" అని నాయిన అడిగిండు.

"పోదు నాయినా. పక్కపొంటి చెట్లు మంచిగ కనపడతయి" అన్నడు అన్న.