ఎండకు పూసుకున్న క్రీము ఎక్కడికి పోతుంది?

ఎండలోకి వెళ్ళేముందు ముఖానికి సన్‌స్క్రీన్ పూసుకోవడం ఇప్పుడు మన ఊళ్ళలోనూ మామూలే. సాయంత్రం ముఖం కడుక్కుంటాం, క్రీము పోయిందనుకుంటాం. ఎక్కడికి పోయింది? అందులో ఆక్సీబెంజోన్ అనే రసాయనం ఉందనుకోండి, కొంత కాలవ నీళ్ళలోకీ, కొంత మన రక్తంలోకీ పోయిందన్నమాట.

ఇది లేత పసుపు రంగు పొడి. నీళ్ళలో దాదాపు కరగదు, నూనెలో కరుగుతుంది. అందుకే క్రీముల్లో ఇట్టే కలుస్తుంది, చర్మంలోకీ ఇంకుతుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలను ఇది పీల్చుకోగానే దీని అణువులో ఒక హైడ్రోజన్ పక్కనున్న ఆక్సిజన్ మీదికి గెంతి, మళ్ళీ తన చోటికి వచ్చేస్తుంది. ఈ గెంతులాటలో కిరణాల శక్తి కాస్తా వేడిగా మారిపోతుంది. చర్మం కమలదు. చక్కని ఏర్పాటే!

చిక్కల్లా సముద్రంలో వచ్చింది. స్నానానికి దిగినవాళ్ళ ఒంటి నుంచి ఈ మందు నీటిలో కలుస్తుంది. 2022లో అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయం వారు, పగడపు జీవులకు దగ్గర చుట్టాలైన సీ ఎనిమోన్ల మీద చేసిన ప్రయోగాన్ని ప్రకటించారు. ఈ మందు కలిపిన నీటిలో, ఎండలాంటి వెలుతురులో ఉంచినవి 17 రోజుల్లో చచ్చిపోయాయి. అతినీలలోహిత కిరణాలు సోకకుండా ఉంచినవి బతికాయి. కారణం చిత్రంగా ఉంది. ఒంట్లో చేరిన పరాయి పదార్థాన్ని వదిలించుకోవడానికి ఆ జీవి దానికి గ్లూకోజును అతికిస్తుంది. ఆ గ్లూకోజు పోయి పోయి సరిగ్గా ఆ హైడ్రోజన్ ఉండేచోటే కూర్చుంటుంది. ఇక గెంతడానికేముంది? పీల్చుకున్న శక్తి వేడిగా మారే దారి లేక కణాలనే దెబ్బతీస్తుంది. పగడాల్లో కాపురముండే నాచు ఈ విషాన్ని కొంత తనలో దాచుకుని వాటిని కాపాడుతుంది. సముద్రం వేడెక్కి, ఆ నాచును పోగొట్టుకుని తెల్లబారిన పగడాలకు ఆ కాస్త అండా లేదు.

ప్రయోగంలో వాడిన మోతాదు సముద్రంలో మామూలుగా ఉండేదానికన్నా ఎక్కువే. పగడాలకు అసలు శత్రువు సముద్రపు వేడే. అయినా పలావు దీవుల దేశం 2020 నుంచీ, హవాయి రాష్ట్రం 2021 నుంచీ ఈ మందున్న క్రీముల అమ్మకాన్ని నిషేధించాయి.

మరి మన ఒంటి సంగతి? 2019, 2020లలో అమెరికా ఆహార ఔషధ సంస్థ ప్రకటించిన పరీక్షల్లో, ఒళ్ళంతా క్రీము పట్టించుకున్నవాళ్ళ రక్తంలో మొదటి రోజే ఇది కనిపించింది. దానివల్ల హాని జరిగిందని ఆ పరీక్షలు తేల్చలేదు. సన్‌స్క్రీన్ మానమనీ ఆ సంస్థ చెప్పలేదు. ఐరోపా మాత్రం 2022లో ఒళ్ళంతా పూసే క్రీముల్లో దీన్ని 2.2 శాతానికి కుదించింది. కొందరికి పూసినచోట ఎండ తగిలితే దురద, దద్దుర్లు వస్తాయి. అలాంటివాళ్ళు వెంటనే మానెయ్యాలి.

కొనేటప్పుడు ట్యూబు వెనక చూడండి. ఆక్సీబెంజోన్ అని ఉన్నా, బెంజోఫినోన్-3 అని ఉన్నా అది ఇదే. బదులుగా జింక్ ఆక్సైడ్ ఉన్నది తీసుకోండి. ముఖం కాస్త తెల్లగా కనిపిస్తుంది, అంతే. పొడుగు చేతుల చొక్కా, తలపాగానో గొడుగో ఉంటే క్రీము పూయాల్సిన చోటే తగ్గిపోతుంది. ఆరు నెలల్లోపు పసిపిల్లలకు మాత్రం ఏ క్రీమూ పూయకుండా నీడపట్టున ఉంచండి.