వార్తల్లో పదం: కోలిసిస్టెక్టమీ

అవయవ మార్పిడిపై కేంద్రం చేసిన చట్ట సవరణను తెలంగాణ శాసనసభ 2025 మార్చిలో స్వీకరించింది. తాతలు, నానమ్మలు, అమ్మమ్మలు, మనవలు కూడా అవయవం ఇవ్వగల దగ్గరి బంధువుల లెక్కలోకి వచ్చారు. ధర్పల్లి లాంటి ఊళ్ల నుంచి హైదరాబాద్ వెళ్లి అలా బంధువుకు కాలేయంలో కుడి భాగం ఇచ్చి వచ్చినవాళ్ల డిశ్చార్జి కాగితంలో కోలిసిస్టెక్టమీ అనే మాట కనిపిస్తుంది. అంటే పిత్తాశయం తీసేశారని.

రాళ్లు లేవు, నొప్పి లేదు, మరెందుకు తీశారు? ఆ సంచి కాలేయం కుడి భాగం అడుగున అతుక్కుని ఉంటుంది. ఆ భాగం కోసేటప్పుడు దాన్నీ తీయక తప్పదు. కాలేయం పుచ్చుకున్నవారికీ అది ఉండదు. మిగిలిన కాలేయం నెలల్లో పెరుగుతుంది, సంచి మాత్రం మళ్లీ రాదు.

దానికి పెద్దగా బెంగ అక్కర్లేదు. పైత్యరసం తయారుచేసేది కాలేయమే. పిత్తాశయం 30-50 మిల్లీలీటర్లు చిక్కబరిచి దాచి, కొవ్వు తిన్నప్పుడు వదులుతుంది. చెరువు లేని వాగులా ఇక రసం నేరుగా పేగులోకి పారుతుంది. అందుకే మొదట్లో మటన్ దావత్ తర్వాత కొందరికి విరేచనాలవుతాయి. కొద్దికొద్దిగా తింటే చాలామందికి సర్దుకుంటుంది.

కళ్లు పచ్చబడినా, చలిజ్వరం వచ్చినా పైత్యనాళం ఇరుకైందేమో చూడాలి. అప్పుడు పసరు మందంటూ ఊళ్లు తిరగకుండా ఆపరేషన్ చేసిన డాక్టర్ దగ్గరికే వెళ్లాలి.