పిసుకని పిండితో రొట్టె

రాత్రి రుబ్బి మూసి పెట్టిన యిడ్డెన పిండి తెల్లవారుసరికి గిన్నె యంచు వఱకు పొంగియుండుట మన పిల్లలందఱు నెఱిగినదే. ఆ రాత్రియంతయు దాని నెవ్వరును ముట్టరు. కాలమే దానికి పనివాడు. గోధుమ రొట్టె విషయమునను కాలమున కట్టి శక్తి కలదనియు, చేతులు నొచ్చునట్లు పిండిని పిసుకకయే మంచి రొట్టెను ఇంట చేసికొనవచ్చుననియు చెప్పిన పలువురు నమ్మరు. రొట్టె యనగా బజారునుండి కొనితెచ్చుకొనునది, లేదా బలమైన చేతులు గల వంటవాడు చేయునది యని మన తల్లిదండ్రులలో ననేకుల యభిప్రాయము. కీళ్ళనొప్పులు గల ముసలమ్మయు, పదునాలుగేండ్ల బాలికయు సులభముగ చేయగల రొట్టెను గూర్చి యిచ్చట వ్రాయుచున్నాము.

మొదట, పిండిని పిసుకుట యెందులకో విచారింతము. గోధుమ పిండిలో గ్లూటెనిన్, గ్లయాడిన్ అను రెండు విధములైన మాంసకృత్తులు గలవు. నీరు తగులగానే యివి యొండొంటితో పెనవేసికొని గ్లూటెన్ అను సాగెడు పదార్థమగును. ఇటలీ దేశమున బొలోన్యా నగరమునందలి బెక్కారి యను పండితుడు దీనిని పిండినుండి వేఱుచేసి 1728వ సంవత్సరమున పండితసభకు తెలిపెను. ఆ సంగతి 1745లో అచ్చుపడెను. ఆ పరీక్షను మన విద్యార్థులు తరగతిలోనే చేయవచ్చును. పిడికెడు మైదాను గట్టిగ తడిపి, ముద్దచేసి, అరగంట యుంచి, నీటి గిన్నెలో మెల్లగ నలుపుచు కడుగవలెను. తెల్లని గంజిపిండి నీటిలో కలిసిపోవును; చేతిలో బూడిదవన్నె గల రబ్బరు వంటి ముద్ద మిగులును. అదియే గ్లూటెన్. వరి పిండిని గాని జొన్న పిండిని గాని యెంత కడిగినను ఇట్టి ముద్ద మిగులదు. జొన్నరొట్టె పొంగకుండుటకు కారణ మిదియే (దాని రుచి దానిదే, దానిని తక్కువ చేయుట మా యుద్దేశము కాదు). ఇడ్డెన పిండిలో వాయువును పట్టియుంచునది మినుముల జిగురు.

రొట్టె పిండిలో వాయువును పుట్టించునది ఈస్టు. అది కంటికి కనబడని సజీవమైన శిలీంధ్రము. పిండిలోని చక్కెరను తిని, బొగ్గుపులుసు వాయువును, కొంచెము సారాయమును విడుచును. పులియుట జీవుల పనియేగాని వట్టి రసాయనిక మార్పు కాదని ఫ్రాన్సు దేశపు పాశ్చరు పండితుడు 1857వ సంవత్సరము మొదలుకొని తన పరిశోధనలచే స్థాపించెను. ఈ వాయువు తప్పించుకొనిపోకుండ గ్లూటెన్ వలవలె అల్లుకొనియుండవలెను. పిసుకుటవలన జరుగునది ఆ యల్లికయే. చిందరవందరగా నున్న పోగులు చేతి బలముచే సాగి, వరుసకు వచ్చి, ఒకదానినొకటి పట్టుకొనును.

అయితే ఆ పోగులు తమంతట తామే వరుసకు రాగలవు. అందులకు రెండు కావలెను: ఎక్కువ నీరు, ఎక్కువ కాలము. పిసికెడు పిండికి సాధారణముగ పిండి బరువులో అఱువది వంతుల నీరు పోయుదురు. దీనికి డెబ్బదియైదు వంతులు పోయవలెను. అంత తడిలో పోగులు సులభముగ కదలును. పిండిలోనే యున్న ఎంజైములు చిక్కుపడిన పోగుల నక్కడక్కడ తెంచి సడలించును. లోపల పుట్టెడు బుడగలు వానిని కొంచెము కొంచెముగ సాగదీయును. పది నిమిషములలో మనుష్యుని చేయి చేయు పనిని ఒక రాత్రిలో నీరును బుడగలును చేయుచున్నవి.

ఇది క్రొత్త మాట కాదు. సువార్తలో పిండి నడుమ పులిసిన పిండిని దాచిన స్త్రీని గూర్చిన యుపమానము మన పిల్లలు చదివినదే. ఆమె దాచెననియే యున్నది, పిసికెనని లేదు. ఇంగ్లండులో డోరిస్ గ్రాంటు అను నామె 1944లో ప్రకటించిన గ్రంథమున పిసుకకుండ చేయు ముడిగోధుమ రొట్టెను ప్రచారము చేసెను. అది నేటికిని ఆమె పేరనే పిలువబడుచున్నది. న్యూయార్కు నగరమున రొట్టెల దుకాణము పెట్టిన జిమ్ లేహీ పద్ధతిని 2006వ సంవత్సరము నవంబరు నెలలో అచ్చటి యొక దినపత్రిక వెల్లడింపగా నది దేశదేశముల గృహిణుల కందెను. మేము క్రింద చెప్పునది లేహీ కొలతల ననుసరించినదే.

పెద్ద గిన్నెలో 400 గ్రాముల మైదా, 8 గ్రాముల ఉప్పు, 1 గ్రాము, అనగా పావు చిన్నచెంచాడు, ఎండు ఈస్టు పొడి వేసి కలిపి, 300 గ్రాముల చల్లని నీరు పోసి, పొడిపిండి కనబడకుండునంత వఱకు త్రిప్పవలెను. అర నిమిషము చాలును. ముద్ద జిగటగ, గడ్డలుగడ్డలుగ, చూచుట కింపుగాక యుండును. దానిని చూచి అధైర్యపడి మఱికొంత పిండి చల్లుట క్రొత్తవారికి సహజము. చల్లరాదు. ఆ నీరే పిసుకువాని బదులు పనిచేయునది.

మూతపెట్టి 12 మొదలు 18 గంటలు ఉంచవలెనని లేహీ చెప్పెను. ఇచ్చటనే మనవారు జాగ్రత్తపడవలెను. ఆ లెక్క యిరువదియొక్క డిగ్రీల వేడి గల చల్లని గదికి సంబంధించినది. వేడి పది డిగ్రీలు పెరిగిన, ఒక హద్దు వఱకు, ఈస్టు పని యించుమించు రెట్టింపగును. మన కోస్తాలో మే నెలలో గడియారమును నమ్మి పదునెనిమిది గంటలు విడిచినచో, మిగులునది సారాయి వాసన కొట్టుచు కూలిపోయిన నీళ్ళపిండియే. పులుపు మితిమీరిన గ్లూటెన్ తెగిపోవును, వల చినిగిపోవును, విలువైన పిండి వ్యర్థమగును. కావున వేసవిలో ఈస్టును సగము చేసి, మంచు నీరు పోసి, గిన్నెను నీటి పళ్ళెములో నుంచి తడిగుడ్డ చుట్టవలెను. రాత్రి పదింటికి కలిపి తెల్లవారుజామున చూడవలెను. పుష్యమాసపు చలిలో మాత్రము రాత్రియంతయు నిశ్చింతగ నుంచవచ్చును. ఏ ఋతువునందైనను గుర్తులివి: పిండి రెట్టింపై, పైభాగము బల్లపరుపుగ బుడగలతో నిండియుండును, గిన్నెను వంచిన అంచునుండి సాలెపట్టు వంటి పోగులు సాగును.

అపుడు పిండి చల్లిన బల్లపై దానిని వంపి, నాలుగు ప్రక్కలను లోపలికి మడిచి, మడతలు క్రిందికి వచ్చునట్లు పిండి చల్లిన గుడ్డపై నుంచి కప్పవలెను. చలిలో రెండు గంటలు, వేసవిలో ముప్పావుగంట. వ్రేలితో నొక్కిన గుంట మెల్లమెల్లగ పూడిన సిద్ధమైనట్లు.

ఓవెన్ గల యిండ్లలో దళసరి యినుప పాత్రను మూతతో సహా అరగంట ముందుగ 230 డిగ్రీలలో కాచి, పిండిని అందు జాఱవిడిచి, మూతపెట్టి 30 నిమిషములు కాల్చవలెను. మూత పని గొప్పది. పిండిలోని నీరే ఆవిరియై లోపల నిలిచి, పైపొరను గట్టిపడనీయక, రొట్టెను నిండుగ పొంగనిచ్చును. బేకరీలవారు యంత్రముతో ఆవిరి పంపుట యిందులకే. పిదప మూత తీసి పదునైదు మొదలు ఇరువది నిమిషములు ఉంచిన, ముదురు గోధుమవన్నె గల కరకరలాడు పైచెక్కు ఏర్పడును. పాత్ర మిక్కిలి కాలియుండును గనుక, పెద్దలు దగ్గఱ లేక పిల్లలీ పనికి పూనుకొనరాదు. ఓవెన్ లేనివారు దళసరి దాకలో పిండి నుంచి, పూర్వము మన యిండ్లలో కేకునకు చేసినట్లు, క్రింద సన్నని సెగ పెట్టి మూతపై నిప్పులు పోసి కాల్చవచ్చును. పైచెక్కు అంత కరకరలాడదు గాని లోపల చక్కగ ఉడుకును.

వేడిగ నుండగనే కోయు తొందర యందఱికిని కలుగును. గంటసేపు ఆగనిచో లోపలి గంజి కుదురుకొనక కత్తికి బంకవలె అంటుకొనును.

మైదా బదులు చపాతి పిండి వాడినచో తవుడు పోగులను కోయును గనుక రొట్టె తక్కువ పొంగును. సగము సగము కలుపుట మేలని మాకు తోచుచున్నది. తవుడు నీటిని పీల్చును గనుక అపుడు మఱి రెండు మూడు చెంచాల నీరు పోయవలెను. పలుచని ముక్కలుగ కోసికొనెడు మెత్తని బజారు రొట్టె మాత్రము ఈ పద్ధతిచే రాదు. దానికి పిసుకుటయే తగును. తీరప్రాంతపు తేమలో దీనికి త్వరగ బూజు పట్టును గనుక రెండు దినములలో తినవలెను. గట్టిపడిన ముక్కలను పెనముపై కొంచెము నేతితో కాల్చిన, పాలతోనైనను ముద్దపప్పుతోనైనను బాగుండును.