కీలు ఎముకగా మారటం

చెప్పులు విడిచి నేలమీద నిలబడి, మడమలు మెల్లగా పైకెత్తి చూడండి. పాదం వెనుకభాగం లేచినా బొటనవేలు నేలను అంటిపెట్టుకొనే ఉంటుంది. పాదానికీ వేలికీ మధ్యనున్న కీలు వంగటంవల్లనే ఇది సాధ్యమవుతున్నది. నడిచేటప్పుడు వెనుక కాలు నేలను వదలిపెట్టే ప్రతిసారీ ఈ కీలు ఇట్లాగే వంగుతుంది. అనగా రోజుకు కొన్నివేల సార్లు.

కీలుకు ఒకవైపున మొదటి ప్రపదాస్థి యొక్క గుండ్రని తల, రెండవవైపున బొటనవేలి మొదటి ఎముకలోని పల్లం ఉన్నవి. రెండింటిమీద నున్నని మృదులాస్థి పూత ఉంటుంది. ఈ పూతలో రక్తనాళాలు లేవు. అందుచేత అది అరిగితే శరీరం మళ్ళీ సరిగా పూడ్చుకోలేదు. పాత దెబ్బవల్లగాని, వయస్సువల్లగాని, కీళ్ళవాతంవల్లగాని పూత పోయినప్పుడు ఎముకకు ఎముక ఒరుసుకొంటుంది. కీలు అంచున ఎముక బొడిపెలుగా పెరిగి, వేలు పైకి వంగకుండా అడ్డుపడుతుంది. మొదట మాత్రలు, గట్టి అడుగున్న బూట్లు, సూదిమందు వాడిచూస్తారు. అవి చాలనప్పుడు చేసే చికిత్సలలో ముఖ్యమైనది ఒకటున్నది. ఆ కీలునే లేకుండా చేసి, రెండెముకలనూ ఒకే ఎముకగా అతికించివేయటం.

కదలవలసిన కీలును కదలకుండా చేయటం చికిత్స ఎట్లా అవుతుందని విద్యార్థికి సందేహం కలగవచ్చు. నొప్పి పుట్టేది ఒరిపిడిలో. కదలిక లేనిచోట ఒరిపిడి లేదు. ఈ ఆలోచన కొత్తది కాదు. లండనులో క్లటన్ అనే శస్త్రవైద్యుడు వంకరపోయిన బొటనవేళ్ళకు ఈ పద్ధతిని 1894లోనే వివరించాడు. ఎముకలను పట్టి ఉంచటానికి ఆయన వాడినవి దంతపు మేకులు. ఇప్పుడు వాడేవి టైటానియం లేక ఉక్కు మరలు, పలకలు.

కీలును అతికించుకొనే విద్య శరీరానికి ప్రత్యేకంగా ఏదీ లేదు. దానికి తెలిసినది విరిగిన ఎముకను అతికించుకోవటమే. అందుచేత వైద్యుడు మృదులాస్థిని పూర్తిగా గీకివేసి, లోపలి ఎముకలో సన్నని రంధ్రాలు చేసి, నెత్తురు చిమ్మే రెండు ముఖాలనూ ఒకదానికొకటి గట్టిగా నొక్కి బిగిస్తాడు. ఎముక విరిగినదనుకొని శరీరం మరమ్మతు ప్రారంభిస్తుంది.

ఈ మరమ్మతు రెండు విధాలుగా జరుగుతుంది. ముఖాల మధ్య ఖాళీ ఉన్నచోట మొదట రక్తపు గడ్డ, తరువాత మెత్తని కణజాలం, పిమ్మట ఎముక ఏర్పడతవి. ఖాళీలేకుండా అదిమిన చోట ఇన్ని మెట్లు అవసరం లేదని బెల్జియం దేశపు వైద్యుడు రాబర్ట్ డానిస్ 1949లో వివరించాడు. అక్కడ ఎముకను తినివేసే కణాలు ముందు నడుస్తూ సన్నని సొరంగం తవ్వుకొంటూ అవతలి ఎముకలోకి చొచ్చుకుపోతవి. వాటి వెనుకనే ఎముకను కట్టే కణాలు వచ్చి ఆ సొరంగాన్ని కొత్త ఎముకతో నింపుతవి.

అయితే కొత్త ఎముక కదలికను ఏమాత్రం ఓర్వదు. స్విట్జర్లాండుకు చెందిన పెరెన్ 1970ల దశకంలో దీనికొక లెక్క చూపాడు. మెత్తని కణజాలం తన పొడవుకు రెట్టింపు సాగినా తెగదు. మృదులాస్థి నూటికి 10 వంతులవరకు ఓర్చుకొంటుంది. ఎముక ఓర్చుకొనేది సుమారు 2 వంతులు మాత్రమే. అనగా 1 మిల్లీమీటరు ఖాళీలో 0.02 మిల్లీమీటరు కదలిక! అది తలవెంట్రుక మందంలో మూడోవంతుకు మించదు. అంతకన్న ఎక్కువ కదిలేచోట ఎముక ఏర్పడలేదు.

కోలుకొనే దినాలలోని నియమాలన్నిటికీ మూలం ఈ చిన్న అంకెలోనే ఉన్నది. మొదటి రెండు వారాలు కాలిని గుండెకన్న ఎత్తున ఉంచి పడుకోవాలి. దించితే నెత్తురు పాదంలో నిలిచి వాపు, సలుపు హెచ్చుతవి. (మన స్త్రీలు మట్టెలను ఆపరేషనుకు ముందే తీసివేయవలసి ఉంటుంది, వాచిన తరువాత తీయటం కష్టం.) కుట్లు సుమారు రెండు వారాలకు తీస్తారు. నడవనిచ్చినా వంగని అడుగున్న ప్రత్యేకమైన బూటు తొడిగి, బరువును మడమమీదనే వేయమంటారు. మరల పట్టు చాలదనుకొన్నప్పుడు కొందరు వైద్యులు అసలు కాలు మోపనివ్వరు.

అసలు ప్రమాదం మూడు, నాలుగు వారాలప్పుడు. గాయం మానింది, నొప్పి తగ్గింది, మనిషికి ఇంట్లో కూర్చోబుద్ధి కాదు. కాని మానినది చర్మం మాత్రమే. మేడ కప్పు పోసిన మర్నాడే పైకి గట్టిగా కనబడుతుంది. అయినా మేస్త్రీ సెంట్రింగు తీయనివ్వడు. ఇక్కడ సెంట్రింగు పని చేస్తున్నవి మరలు. వాటికీ ఓర్పుకు మితి ఉన్నది. ఇనుపతీగను మాటిమాటికీ అటూ ఇటూ వంచితే తెగిపోయినట్లే, ఎముక అతకకముందే రోజూ వేల అడుగులు వేస్తే మర కూడ విరుగుతుంది. ఎముక ముందో, లోహపు అలసట ముందో అన్నట్లు సాగే పందెం ఇది.

పొగాకు ఈ పందెంలో ఎముకను వెనక్కు లాగుతుంది. నికోటిన్ సన్నని రక్తనాళాలను ముడుచుకొనేటట్లు చేస్తుంది. మధుమేహంవల్ల పాదంలో స్పర్శ తగ్గినవారికి మరొక చిక్కు. హెచ్చరించవలసిన నొప్పి వారికి తెలియదు. నూటికి పదిమందికన్న తక్కువమందిలోనే అయినా, ఎముక అతకకపోవటం జరుగుతూనే ఉన్నది. వారిలో బాధలేనివారు అట్లాగే ఉండిపోతారు. మిగిలినవారికి మళ్ళీ శస్త్రచికిత్స.

ఆరు వారాలకు ఎక్స్‌-రే తీసి, రెండెముకల మధ్య నల్లని గీత చెరిగిపోతున్నదా అని చూస్తారు. సున్నపు పదార్థం చేరనిదే కొత్త ఎముక ఎక్స్‌-రేలో కనబడదు గనుక గీత కొంచెం మిగిలి ఉన్నంతమాత్రాన దిగులుపడనక్కరలేదు. మామూలు వెడల్పు బూట్లు చాలమందికి 8 నుంచి 12 వారాలలో పడతవి. వాపు మాత్రం ఆరునెలలు, ఒక్కొక్కప్పుడు ఏడాదిపాటు సాయంత్రాలు వస్తూ పోతూ ఉంటుంది.

అతికిన వేలు ఇక ఎట్లా బిగిస్తే అట్లాగే ఉంటుంది. అందువల్ల ఆపరేషను బల్లమీదనే అరికాలికింద చదునైన పళ్ళెంవంటి దానిని ఆన్చి, వేలి కోణాన్ని సరిచూస్తారు. నేలకు సుమారు 10, 15 డిగ్రీల ఎత్తు ఉంటే నడక సాఫీగా సాగుతుంది. ఎక్కువైతే వేలు బూటు పైభాగాన్ని ఒరుసుకొంటుంది. తక్కువైతే గోటి దగ్గరి కీలుమీద భారం పడి, అది కూడ అరిగిపోవచ్చు. అరికాలు పూర్తిగా ఆన్చి గొంతుక్కూర్చోవటానికి ఈ వేలు అడ్డురాదు. ఎత్తుమడమల చెప్పులు తొడగటం, నమాజులోవలె వేళ్ళు మడిచి మోకాళ్ళమీద కూర్చోవటం మాత్రం కష్టమవుతుంది.

బాగా అతికినవారికి ఏడాది తరువాత తీసే ఎక్స్‌-రేలో కీలు ఉన్న జాడే దొరకదు. ఎముకలోని సన్నని దూలాలు ఇటునుంచి అటు తెంపులేకుండా సాగిపోయి ఉంటవి. బాధపెట్టకపోతే మరలను తీయరు. పనిలేకపోయినా అవి అక్కడే ఉండిపోతవి.